ఇంటికొచ్చిన ఆక్సిజన్ సిలిండర్‌పై ఏం రాసి ఉండాలి? తీసుకునే ముందు చూడాల్సినవి ఇవే

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు నుంచి పెద్ద వైద్యం కోసం తిరుపతికో, వేలూరుకో, బెంగళూరుకో వెళ్లడం మామూలే. ఊపిరితిత్తుల జబ్బుతో ఉన్నవాళ్లను ఇంటికి పంపేటప్పుడు ‘కొన్నాళ్లు ఆక్సిజన్ పెట్టండి’ అని డాక్టర్లు చెబుతుంటారు. అప్పుడు సిలిండర్ అద్దెకు తెచ్చుకోవాలి. అది ఆంధ్రప్రదేశ్‌లో నింపింది కావచ్చు, కర్ణాటకదో తమిళనాడుదో కావచ్చు. లోపలి గ్యాస్‌కు రంగు లేదు, వాసన లేదు. అది ఏ గ్యాసో ఇంట్లోవాళ్లు తెలుసుకోవాలంటే సిలిండర్‌కు వేసిన రంగు, అంటించిన లేబుల్, వాల్వ్ కింద ఉండే లోహపు రింగు చూడాల్సిందే.

నియమాలు ఎవరివి?

గ్యాస్ సిలిండర్ల నిబంధనలు–2016 దేశమంతటికీ వర్తిస్తాయి. వీటిని అమలు చేసేది పెసో. పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతను చూసే ఈ కేంద్ర సంస్థ ప్రధాన కార్యాలయం నాగ్‌పూర్‌లో ఉంది. కాబట్టి సిలిండర్ ఏ రాష్ట్రం నుంచి వచ్చినా, లేబుల్ ఏ భాషలో ఉన్నా, ఉండాల్సిన వివరాలు మాత్రం ఒక్కటే.

రంగు ఏం చెబుతుంది?

• మెడికల్ ఆక్సిజన్: ఒళ్లంతా నలుపు, వాల్వ్ కింది పైభాగం తెలుపు.
• పరిశ్రమల ఆక్సిజన్: మొత్తం నలుపు. తెలుపు ఉండదు.
• నైట్రస్ ఆక్సైడ్ (మత్తు ఇవ్వడానికి వాడేది): నీలం.
• ఎసిటిలీన్ (వెల్డింగ్‌కు వాడేది): మెరూన్.

అయితే రంగు ఒక్కటే చూసి నమ్మకూడదు. పెయింట్ ఊడిపోతుంది, కొన్నిసార్లు పైన మరో రంగు వేస్తారు. తెలుపు కింద వేరే రంగు తొంగిచూస్తుంటే ఆ సిలిండర్ తీసుకోకండి.

లేబుల్‌పై ఏముండాలి?

నిబంధనల ప్రకారం ప్రతి సిలిండర్‌పై గ్యాస్ పేరు, దాన్ని నింపినవారి పేరు, చిరునామా ఉండాలి. వీటితోపాటు కొన్ని హెచ్చరికలు కూడా తప్పనిసరి. సిలిండర్ రంగు మార్చకూడదు. ఇప్పుడున్న గ్యాస్ తప్ప వేరేది నింపకూడదు. దగ్గర్లో మండే వస్తువులు పెట్టకూడదు. వాల్వ్‌కు నూనె రాయకూడదు. పరీక్ష గడువు దాటితే సిలిండర్ తీసుకోకూడదు.

మన దేశంలో మెడికల్ ఆక్సిజన్‌ను చట్టం మందుగానే చూస్తుంది. అందుకే బ్యాచ్ నంబరు, తయారీ లైసెన్సు నంబరు కూడా చూడండి. మాత్రల స్ట్రిప్‌పై ఇవి లేకపోతే మందుల షాపులో కొనం కదా, ఇదీ అంతే.

శాతం సంగతేంటి?

ద్రవ ఆక్సిజన్ నుంచి నింపిన సిలిండర్‌లో స్వచ్ఛత 99 శాతం, ఆపైన ఉండాలి. గాలి నుంచి నైట్రోజన్‌ను వేరుచేసే పీఎస్‌ఏ ప్లాంట్లలో తయారయ్యేది సుమారు 93 శాతం ఉంటుంది. రెండూ వైద్యానికి పనికొస్తాయి. కాకపోతే మీ చేతికి వచ్చింది ఏదో లేబుల్ చెప్పాలి, డాక్టర్‌కు తెలియాలి.

సముద్రంలో డైవింగ్ చేసేవాళ్లకు ఈ శాతం ప్రాణంతో సమానం. మామూలు గాలిలో ఆక్సిజన్ 21 శాతం. కొందరు డైవర్లు దాన్ని 32 లేదా 36 శాతానికి పెంచిన ‘నైట్రాక్స్’ వాడతారు. లోతుకు వెళ్లేకొద్దీ ఒత్తిడి పెరిగి ఆ అదనపు ఆక్సిజనే విషంలా మారుతుంది, నీళ్లలోనే ఫిట్స్ రావచ్చు. 32 శాతం మిశ్రమంతో సాధారణంగా 33 మీటర్లు దాటి దిగరు. అందుకే సిలిండర్ నింపాక డైవర్ స్వయంగా ఎనలైజర్‌తో కొలుస్తారు. ఆక్సిజన్ శాతం, దిగదగిన లోతు, కొలిచిన తేదీ, తన పేరు ట్యాంకుపై అంటిస్తారు. లేబుల్ లేని ట్యాంకుతో నీళ్లలోకి దిగరు. మన ఇళ్లలో ఎనలైజర్ ఉండదు కాబట్టి నింపినవారు అంటించిన లేబుల్‌ను మరింత జాగ్రత్తగా చదవాలి.

లోహపు రింగు ఎందుకు?

సిలిండర్‌లో గ్యాస్ సుమారు 150 బార్ల ఒత్తిడితో ఉంటుంది. కారు టైరులో ఉండేది రెండు బార్లకు కాస్త ఎక్కువ. అంత ఒత్తిడిని సిలిండర్ తట్టుకుంటుందో లేదో నీళ్లతో నింపి పరీక్షిస్తారు. ఆక్సిజన్ సిలిండర్లకు సాధారణంగా 5 ఏళ్లకోసారి ఈ పరీక్ష చేయాలి. తర్వాతి పరీక్ష ఎప్పుడో వాల్వ్‌కు, సిలిండర్‌కు మధ్య ఉండే లోహపు రింగుపై ఉంటుంది. వంటగ్యాస్ బండపై ఏ, బీ, సీ, డీ అక్షరాల పక్కన సంవత్సరం చూసినట్టే దీన్నీ చూడండి.

గ్యాస్ మారితే ఏమవుతుంది?

ఊపిరి ఆడని బాధ మనకు కలిగేది ప్రధానంగా ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పెరగడం వల్ల. నైట్రోజన్, ఆర్గాన్ లాంటివి పీల్చినప్పుడు కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతూనే ఉంటుంది. కాబట్టి ఉక్కిరిబిక్కిరి అయినట్టు ఉండదు, మనిషి నిమిషాల్లోనే స్పృహ తప్పుతాడు. 2021లో కోవిడ్ రెండో దశలో సిలిండర్లు చాలక ఆర్గాన్, నైట్రోజన్ సిలిండర్లను శుభ్రం చేసి మెడికల్ ఆక్సిజన్‌కు మార్చుకోవడానికి ప్రభుత్వం అనుమతించింది. పాత సిలిండర్ చేతికొస్తే రంగుతోపాటు లేబుల్ కూడా చదవమనేది అందుకే.

ఆసుపత్రుల్లో వాడే చిన్న సిలిండర్లకు పిన్ ఇండెక్స్ అనే ఏర్పాటు ఉంటుంది. వేరే గ్యాస్ సిలిండర్ తెస్తే మెషీన్‌కు బిగుసుకోదు. ఇళ్లకొచ్చే పెద్ద సిలిండర్ల వాల్వ్‌కు ఈ పిన్నులు ఉండవు.

ఒక సిలిండర్ ఎంతసేపు వస్తుంది?

చిన్నదైన బీ టైప్‌లో సుమారు 1,500 లీటర్లు, పెద్దదైన డీ టైప్‌లో సుమారు 7,000 లీటర్ల ఆక్సిజన్ ఉంటుంది. డాక్టర్ నిమిషానికి 2 లీటర్లు చెబితే బీ టైప్ పన్నెండున్నర గంటలు, డీ టైప్ 58 గంటలు వస్తుంది. 5 లీటర్లయితే బీ టైప్ 5 గంటలకే అయిపోతుంది, డీ టైప్ 23 గంటలు వస్తుంది. గేజ్ ముల్లు సగానికి పడితే గ్యాస్ కూడా సగమే ఉన్నట్టు. అప్పుడే మరో సిలిండర్‌కు చెప్పి ఉంచండి.

ఇంట్లో జాగ్రత్తలు

• వాల్వ్, రెగ్యులేటర్ బిగుతుగా ఉన్నా నూనె, గ్రీజు రాయకండి. ఒత్తిడితో వచ్చే ఆక్సిజన్ తగిలితే అవి భగ్గుమంటాయి.
• ముక్కు ఆరిపోతోందని కొబ్బరి నూనె, వాసెలిన్ రాయకండి. నీటితో చేసిన జెల్ ఏది వాడాలో డాక్టర్‌ను అడగండి.
• ఆ గదిలో దీపం, అగరబత్తి, సిగరెట్, స్టవ్ వద్దు.
• సిలిండర్‌ను గోడకు ఆనించి గొలుసుతో కట్టండి. కింద పడి వాల్వ్ విరిగితే సిలిండర్ రాకెట్‌లా దూసుకుపోతుంది.

తేడా కనిపిస్తే?

లేబుల్ లేకపోయినా, రింగుపై తేదీ దాటిపోయినా, రంగుకూ పేరుకూ పొంతన లేకపోయినా సిలిండర్‌ను తిప్పి పంపే హక్కు మీకుంది. తెచ్చినవారి ముందే లేబుల్, రింగు ఫొటో తీసుకోండి, బిల్లు అడగండి. గ్యాస్ నాణ్యతపై అనుమానం ఉంటే ఔషధ నియంత్రణ శాఖ డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కు ఫిర్యాదు చేయవచ్చు. డబ్బు, సేవల వివాదాలకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

ఆక్సిజన్ పెట్టాక కూడా మనిషి మగతగా అయిపోతున్నా, పెదాలు నీలంగా మారుతున్నా, ఆక్సీమీటర్ రీడింగ్ డాక్టర్ చెప్పిన స్థాయి కంటే కింద ఉన్నా సిలిండర్‌ను సరిచేస్తూ కూర్చోకండి. వెంటనే 108కు ఫోన్ చేయండి.