పదునైదు బోల్టులు

సిలిండరు హెడ్డును విప్పి మరల బిగించుట నేడు ప్రతి మోటారు షెడ్డులోను జరుగు పనియే. కాని మోటారుబండి పుట్టిన తొలి దినములలో పెక్కు ఇంజనులకు హెడ్డు అనునది వేరుగా లేదు. సిలిండరును, దాని పైకప్పును కలిపి ఒకే పోతగా పోసెడివారు. లోపల పేరుకొనిన మసిని గీకవలెనన్న సిలిండరునే అడుగు పెట్టె నుండి పైకెత్తవలసి వచ్చెడిది. జీతమిచ్చి నిపుణుని పోషింపగల ధనవంతునకు అది చెల్లినది. పల్లెలోని రైతునకు చెల్లదు.

విడి హెడ్డు అంతకు పూర్వము లేకపోలేదు. దానిని సామాన్యుల చేతికి అందించినది 1908లో హెన్రీ ఫోర్డు విడుదల చేసిన మోడల్ టి కారు. నాలుగు సిలిండర్లను ఒకే దిమ్మగా పోసి, పైన హెడ్డును 15 బోల్టులతో బంధించిరి. నడుమ, రాగిరేకులలో రాతినారను పొదిగిన గాస్కెట్టు. లోపల నిప్పు, చుట్టును నీరు. రెంటిని వేరుచేయునది ఆ పలుచని రేకే. 1927 వరకు అట్టి కార్లు కోటిన్నర తయారైనవి. కనుక వానిని విప్పి బిగించిన చేతులెన్నియో ఊహించుకొనవచ్చును.

బిగించు క్రమమును ఫోర్డు సంస్థ కారు యజమానులకిచ్చిన పుస్తకముననే తెలిపినది. ఒక్కొక్క బోల్టునకు కొన్ని చుట్లే ఇచ్చుచు అన్నిటిని సమముగా దింపవలెను. ఒక కొసను పూర్తిగా బిగించి రెండవ కొసకు పోరాదు. కారణము కలదు. బోల్టు మేకువంటిది కాదు, స్ప్రింగువంటిది. బిగించిన కొలది వెండ్రుకవాసి సాగును; తిరిగి కుదించుకొనవలెనను దాని పెనుగులాటయే హెడ్డును అదిమిపట్టును. ఒకచోట ముందుగా బిగిసినచో హెడ్డు వంగి, వేరొకచోట సందు మిగులును. నడిమి బోల్టుతో మొదలిడి కొసలకు పోవుట, రెండు మూడు విడతలుగా బిగించుట తరువాత వాడుకయైన పద్ధతి.

మోడల్ టి ఇంజనులో ఒత్తిడి తక్కువ. చిన్న తప్పును అది ఓర్చుకొనెను. ఒత్తిడి హెచ్చిన తరువాతి ఇంజనులు ఓర్వలేదు. 1930లలో, బిగింపును ముల్లుతో చూపు టార్కు రెంచి అమెరికాలో ప్రచారమునకు వచ్చెను. చేతి అంచనాకు మారుగా అంకె దొరకినది. ఐనను ఆ అంకె మోసగింపగలదు. మనము వెచ్చించు బలములో ఇంచుమించు పదింట తొమ్మిది వంతులు మరలలోను, బోల్టు తల క్రిందను రాపిడికే ఖర్చగును. మరలకు త్రుప్పు పట్టియున్నచో రెంచి నిండు లెక్క చూపును గాని బోల్టు చాలినంత సాగదు. అడుగు మూసిన రంధ్రములో నూనె నిలిచియున్నచో ముప్పు మరింత పెద్దది: నూనె కుదియదు, దిగుచున్న బోల్టు దిమ్మనే పగులగొట్టును.

1980ల నుండి, కొంత బిగించిన పిమ్మట నిర్ణీత కోణము త్రిప్పు పద్ధతి పెక్కు కార్లకు వ్యాపించినది. ఇట్టి బోల్టులు పూర్వపు పొడవునకు తిరిగి రానంతగా సాగును. చూపునకు చక్కగా నున్నదని పాతదానినే వేయు పొదుపు మన షెడ్లలో లేకపోలేదు. కొందరు తయారీదారులు బోల్టు పొడవునకు హద్దు నిర్ణయించిరి. మరికొందరు ఒకసారి విప్పినదానిని పారవేయుమనిరి.