డామినెంట్ నైన్త్ కార్డ్

డామినెంట్ నైన్త్ కార్డ్ పాశ్చాత్య సంగీతంలో ఐదు స్వరాలు కలిగిన ఒక కార్డ్. ఏకకాలంలో పలికించే స్వరాల సముదాయాన్ని కార్డ్ అంటారు. డామినెంట్ సెవెన్త్ కార్డ్‌లోని నాలుగు స్వరాలపై తొమ్మిదవ స్వరాన్ని చేర్చగా ఇది ఏర్పడుతుంది. పియానో, గిటార్, కీబోర్డు వాద్యాలపై దీనిని విరివిగా వాయిస్తారు.

నిర్మాణం

మూలస్వరం నుండి నల్లమెట్లను కూడా కలిపి లెక్కించినప్పుడు 4వ, 7వ, 10వ, 14వ మెట్లు ఈ కార్డ్‌లో చేరతాయి. మూలస్వరాన్ని షడ్జంగా భావిస్తే ఇవి వరుసగా షడ్జం, అంతర గాంధారం, పంచమం, కైశిక నిషాదం, పై స్థాయి చతుశ్రుతి రిషభం అవుతాయి. పై స్థాయి రిషభం తొమ్మిదవ స్వరం కనుకనే దీనికి 'నైన్త్' అనే పేరు వచ్చింది.

పద్యనాటకాలలో, భజనలలో హార్మోనియం వాయించేవారు శ్రుతిని అంకెలతో చెబుతారు. ఒకటి శ్రుతి అంటే సి, రెండు డి, మూడు ఇ, నాలుగు ఎఫ్, ఐదు జి, ఆరు ఏ, ఏడు బి. ఒకటిన్నర, రెండున్నర, నాలుగున్నర, ఐదున్నర, ఆరున్నర అనేవి నల్లమెట్లు. ఈ లెక్క తెలిసినవారు ఏ శ్రుతిలోనైనా ఈ కార్డ్‌ను సులభంగా కట్టవచ్చు.

* సి నైన్త్: సి, ఇ, జి, బి ఫ్లాట్, డి
* డి నైన్త్: డి, ఎఫ్ షార్ప్, ఏ, సి, ఇ
* ఎఫ్ నైన్త్: ఎఫ్, ఏ, సి, ఇ ఫ్లాట్, జి
* జి నైన్త్: జి, బి, డి, ఎఫ్, ఏ
* ఏ నైన్త్: ఏ, సి షార్ప్, ఇ, జి, బి

ఇతర నైన్త్ కార్డ్‌లతో భేదం

కైశిక నిషాదానికి బదులు కాకలి నిషాదం ఉంటే అది మేజర్ నైన్త్. అంతర గాంధారానికి బదులు సాధారణ గాంధారం ఉంటే మైనర్ నైన్త్. నిషాదమే లేకుండా రిషభాన్ని మాత్రమే చేర్చితే యాడ్ నైన్త్. శుద్ధ రిషభాన్ని చేర్చితే ఫ్లాట్ నైన్త్. విద్యార్థులు తరచుగా యాడ్ నైన్త్‌ను డామినెంట్ నైన్త్‌గా పొరబడుతుంటారు. నిషాదం ఉన్నదా లేదా అని చూస్తే సందేహం తీరుతుంది.

పియానోపై వాయించే విధానం

ఐదు స్వరాలనూ ఒకే చేతితో అందుకోవడం కష్టం కనుక రెండు చేతులకూ పంచుకోవాలి. జి నైన్త్‌ను ఈ క్రింది విధంగా అభ్యసించవచ్చు.

# ఎడమచేతి చిటికెన వేలు జి పై, బొటనవేలు ఎఫ్ పై ఉంచాలి.
# కుడిచేతి బొటనవేలు బి పై, చూపుడు వేలు డి పై, చిటికెన వేలు ఏ పై ఉంచాలి.
# ఐదు మెట్లనూ ఒకేసారి నొక్కి వినాలి.
# తరువాత సి మేజర్‌కు చేరాలి. ఎడమచేతిలో జి పైకి సాగి సి కి, ఎఫ్ దిగి ఇ కి చేరతాయి. కుడిచేతిలో బి సి కి, డి ఇ కి పెరుగుతాయి, ఏ జి కి దిగుతుంది.

బి, ఎఫ్ స్వరాల మధ్యనున్న ఒత్తిడి సి, ఇ ల వద్ద శాంతిస్తుంది. ఈ కార్డ్‌కు ప్రధాన ప్రయోజనం ఇదే. చేయి చాలనివారు ముందుగా పంచమాన్ని (ఇక్కడ డి) విడిచిపెట్టవచ్చు. గాంధార, నిషాదాలను మాత్రం విడువరాదు. కార్డ్ స్వభావం వాటిపైనే ఆధారపడి ఉన్నది.

హార్మోనియంపై ఒక చేయి తిత్తికి పోతుంది కనుక మూలస్వరాన్ని వదలి బి, డి, ఎఫ్, ఏ లను మాత్రమే నొక్కవచ్చు. అయితే జి స్వరం శ్రుతిగానో మరొక వాద్యంపైనో వినిపించకపోతే అది హాఫ్ డిమినిష్డ్ కార్డ్‌గానే వినబడుతుంది.

కర్ణాటక రాగాలతో అన్వయం

కర్ణాటక సంగీతం కార్డ్‌లపై ఆధారపడినది కాదు. అయినప్పటికీ చలనచిత్ర గీతాలకు, చర్చి కీర్తనలకు కీబోర్డు సహకారం అందించేవారికి రాగంలో లేని స్వరం కార్డ్ ద్వారా చొరబడకుండా చూడడం అవసరం. ఈ క్రింది మేళకర్తలలో ఒక్కొక్క స్థానంలో మాత్రమే డామినెంట్ నైన్త్ ఏర్పడుతుంది.

* 8వ మేళం హనుమతోడి: గాంధారంపై
* 20వ మేళం నటభైరవి: నిషాదంపై
* 22వ మేళం ఖరహరప్రియ: మధ్యమంపై
* 28వ మేళం హరికాంభోజి: షడ్జంపై
* 29వ మేళం ధీరశంకరాభరణం: పంచమంపై
* 65వ మేళం మేచకల్యాణి: రిషభంపై

ఇవన్నీ గ్రహభేదం వలన ఒకదాని నుండి మరొకటి పుట్టేవి కావడమే ఇందుకు కారణం. 21వ మేళం కీరవాణిలో పంచమంపై ఫ్లాట్ నైన్త్ వస్తుంది. మోహనలో మధ్యమ, నిషాదాలు లేనందున ఏ స్థానంలోనూ ఈ కార్డ్ కుదరదు. మోహన పాటకు షడ్జంపై నైన్త్ వాయిస్తే కైశిక నిషాదం వచ్చి చేరి రాగచ్ఛాయ చెడుతుంది. తోడి గాంధారం వంటి గమక ప్రధాన స్వరాల వద్ద కదలని కార్డ్ స్వరం గాయకునితో ఘర్షిస్తుంది. అటువంటి చోట్ల కార్డ్ విడిచి శ్రుతి మాత్రమే పట్టడం మేలు.

చరిత్ర

సీజర్ ఫ్రాంక్ 1886లో రచించిన వయొలిన్ సొనాటా డామినెంట్ నైన్త్‌తోనే ఆరంభమవుతుంది. ఆర్నాల్డ్ షోన్‌బర్గ్ 1899లో రచించిన 'ఫెర్‌క్లేర్టె నాఖ్ట్'లో తొమ్మిదవ స్వరాన్ని అడుగున ఉంచిన నైన్త్ కార్డ్ ఉన్నది. శాస్త్రంలో లేని కార్డ్ అనే కారణంతో వియన్నాలోని ఒక సంగీత సంఘం ఆ రచనను తిరస్కరించిందని షోన్‌బర్గ్ చెప్పాడు. అది 1902లో ప్రదర్శితమైంది. 20వ శతాబ్దంలో బ్లూస్, జాజ్ సంగీతాలు ఈ కార్డ్‌ను సాధారణం చేశాయి. 1960ల నుండి జేమ్స్ బ్రౌన్ ఫంక్ సంగీతంలో ఇది మరొక కార్డ్‌కు చేరకుండా తానే నిలిచి పలుకుతుంది.

ఇవి కూడా చూడండి

* మేళకర్త రాగాలు
* హార్మోనియం
* పియానో
* గ్రహభేదం