రాట్నం పక్కన బాల్యం



ఆ మధ్య ఖాదీ దుకాణంలో ఒక పొందూరు చీర చేతిలోకి తీసుకుని, ధర చూసి, "నూలు చీరకి ఇంతా!" అనుకుంటూ తిరిగి పెట్టేశాను. ఇంటికొచ్చి ఆ మాటే మా అత్తగారితో అన్నాను. ఆవిడ పుట్టిల్లు పొందూరు దగ్గర పల్లె. దీపానికి వత్తులు చేసుకుంటూ, తలెత్తకుండానే, "వడికినవాళ్లకి అందులో ఎంత ముడుతుందో అడిగావా అమ్మాయ్?" అన్నారు. నా దగ్గర జవాబు లేకపోయింది. ఆవిడ చెప్పినవీ, తరువాత నేను చదివి తెలుసుకున్నవీ ఇవాళ మీతో చెప్పుకుంటాను.

శ్రీకాకుళం జిల్లాలోని పొందూరు సన్నఖద్దరుకి పెట్టింది పేరు. అక్కడ 100వ నంబరు నూలు చేత్తో వడుకుతారు. 100వ నంబరంటే ఏమిటో తెలుసా? 840 గజాల చిలపలు 100 కలిపి తూస్తే ఒక్క పౌను, అంటే అరకిలోకన్నా తక్కువే. ఆ దారం విప్పి పరిస్తే 84,000 గజాలు, దగ్గర దగ్గర 77 కిలోమీటర్లు! అదంతా ఆడవాళ్ల వేళ్ల సందున సాగిన దారమే.

ముందు గింజ తీయని పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ ఎముకకున్న సన్నటి పళ్లు నలుసూ నారా లాగేసి, దూదికి నిగనిగ తెస్తాయి. తరువాత చిన్న చెక్కమీద ఇనపకడ్డీ దొర్లించి గింజలు వేరుచేస్తారు. చిన్న వింటితో దూదిని ఏకి, ఏకులు చేసి, మాసిపోకుండా ఎండిన అరటిపట్టలో చుట్టి పెట్టుకుంటారు. "ఏకులా వచ్చి మేకులా తయారైంది" అని మనం అంటూంటామే, ఆ ఏకు ఇదే! ఆ పైన రాట్నం ముందు కూర్చోవడం.

ఈ పనికి ఆ ఇళ్లలో వేరే బడి లేదు. అమ్మ పక్కనే పిల్ల కూర్చునేది. మా అత్తగారికి మొదట అప్పగించిన పని దూదిలో నలుసులు ఏరడం. కొన్నాళ్లకు ఏకులు చేయనిచ్చారు. రాట్నం మాత్రం చాలాకాలం తాకనివ్వలేదట. "పోగు తెగితే పారేయకు, అతుకు" అనేదట వాళ్లమ్మ. అంతకుమించి నీతులు చెప్పలేదు. తల్లి చేతుల్ని చూస్తూనే పిల్ల పని నేర్చుకుంది. ఆ తల్లి తన తల్లి దగ్గర నేర్చింది కూడా అలాగే.

ఇలాంటి పని మన దేశంలో ఎన్నో చోట్ల ఎందుకు ఆగిపోయింది? 19వ శతాబ్దంలో సీమ మిల్లునూలు వచ్చిపడింది. మగ్గం ఉన్నవాళ్లు ఆ నూలే కొని ఎలాగో నేసుకున్నారు. రాట్నం ఉన్నవాళ్లకి ఆ దారి కూడా లేదు. ముందుగా కూడు పోయింది వడికే ఆడవాళ్లకే.

1921లో బెజవాడలో జరిగిన అఖిల భారత కాంగ్రెసు కమిటీ సమావేశం దేశమంతటా 20 లక్షల రాట్నాలు తిప్పించాలని తీర్మానించింది. 1925లో అఖిల భారత చరఖా సంఘం ఏర్పడింది. కాని రాట్నం తిరిగినంత మాత్రాన కడుపు నిండదు కదా! వడికేవారికి దక్కే కూలి చాలా స్వల్పమని గాంధీగారే బాధపడ్డారు. ఆయన పట్టుదలవల్ల 1935లో చరఖా సంఘం వారికి కనీస కూలి ఉండాలన్న సూత్రాన్ని ఒప్పుకుంది. అలా చేస్తే ఖద్దరు ధర పెరుగుతుంది, కొనేవారు తగ్గుతారు అని అప్పట్లో వెనకాడినవాళ్లూ ఉన్నారు. దుకాణంలో నేను చేసిన పనీ అదేగా!

1949లో పొందూరులో సన్నఖాదీ కార్మికుల సంఘం వెలిసింది. ఆ తరువాత కూడా వడికే చేతికి చాలినంత కూలి రాలేదు. పిల్లలు వేరే పనులు వెతుక్కున్నారు. వాళ్లని బద్ధకస్థులని అనగలమా? పని నేర్పిన తల్లులే, "మా కష్టం నీకొద్దు" అని బడికి పంపారు. మా అత్తగారిని కూడా అలాగే పంపారు.

"అంత సన్ననూలు వడికింది కదా, మీ అమ్మగారు ఆ చీరలు కట్టేవారా?" అని అడిగాను. ఆవిడ వత్తులు పక్కన పెట్టి, "ఒక్కటీ కట్టలేదమ్మా. కొనుక్కునే స్తోమత ఎక్కడిదీ?" అన్నారు.

మన పిల్లలకి పని నేర్పుదాం, మగపిల్లలకి కూడాను. దగ్గర కూర్చోబెట్టుకుని, మనం చేస్తూ నేర్పుదాం. దానితోపాటు ఇంకొకటి కూడా నేర్పాలి. "పనిమంతురాలు" అని మెచ్చుకుని చేతిలో చిల్లర పెడితే సరిపోదు. పనికి తగిన విలువ కట్టివ్వాలి. మన ఇంట్లో అంట్లు తోమే మనిషి దగ్గరనుంచే అది మొదలుపెట్టవచ్చు.

మరుసటి నెల వెళ్లి ఆ చీర కొన్నాను. ముందు అత్తగారి చేత కట్టించాను.