సూర్యుని కంటే ముందున్న వెలుగు

సృష్టి వృత్తాంతము చదివినప్పుడు సండే స్కూలు పిల్లలు సైతం ఒక ప్రశ్న అడుగుతారు. ఆదికాండము 1:3 ప్రకారం, మొదటి దినమున దేవుడు పలుకగానే వెలుగు కలిగింది. సూర్యచంద్రులు మాత్రం నాలుగవ దినమున (1:14-19) గాని కనిపించరు. మరి సూర్యుడు లేకుండా వెలుగు ఎక్కడనుండి వచ్చింది?

ఇది గ్రంథములోని పొరపాటు కాదు. ఈ క్రమములోనే సందేశమున్నది. హెబ్రీ భాషలో మొదటి దినపు వెలుగు "ఓర్". నాలుగవ దినపు జ్యోతులు "మెఓరోత్". రెండవ మాట మొదటి దానినుండి పుట్టినదే. వెలుగిచ్చేవి అని దాని భావం. అక్కడ సూర్యుడు, చంద్రుడు అనే పేర్లు కూడా లేవు. పెద్ద జ్యోతి, చిన్న జ్యోతి అని మాత్రమే ఉన్నది. ఇశ్రాయేలీయుల చుట్టూ ఉన్న జనములు వాటిని దేవతలుగా పూజించేవారు. అబ్రాహాము విడిచివచ్చిన కల్దీయుల ఊరను పట్టణము చంద్రారాధనకు పేరుపొందింది. కనానులోని బేత్షెమెషు అనే పేరుకు అర్థమే "సూర్యుని ఇల్లు". అట్టి లోకములో ఈ అధ్యాయము సూర్యచంద్రులను దేవుడు నియమించిన పనివారిగా చూపింది. 4వ శతాబ్దములో కప్పదొకియ ప్రాంతపు బిషప్పు బాసిలు, ముందు కలిగిన వెలుగుకు సూర్యుడు వాహనము వంటివాడని బోధించాడు.

చీకటిని గూర్చి కూడా ఈ అధ్యాయము జాగ్రత్తగా మాట్లాడుతుంది. వెలుగు కలుగకమునుపే, చీకటి కమ్మిన జలములపైన దేవుని ఆత్మ ఉన్నాడు (1:2). అంటే చీకటి ఉన్నచోట దేవుడు లేడని చెప్పడానికి వీలులేదు. ఆయన వెలుగు మంచిదని చూచాడు. చీకటిని తుడిచివేయలేదు గాని, దానిని వేరుపరచి, రాత్రి అని పేరుపెట్టి, హద్దు నియమించాడు. ప్రతి దినపు లెక్కలోను సాయంకాలము తరువాత ఉదయము వస్తుంది.

ఇది మన సంఘాలకు ఎందుకు అవసరం? ఒక ఇంట జబ్బు గాని మరణము గాని వచ్చినప్పుడు, "ఏదో పాపముంది, అందుకే ఈ చీకటి" అని తీర్పు చెప్పేవారు మనలో ఉన్నారు. ఈ అధ్యాయము ఆ తీర్పుకు ఆధారమివ్వదు. ఆరోగ్యము, ఉద్యోగము, ఇంటి పెద్ద, ఇవన్నీ దేవుడిచ్చిన జ్యోతులే. ఒకటి ఆరిపోతే ఇల్లు చీకటవుతుంది; ఆ దుఃఖము నిజమైనది. అయితే వెలుగు కలుగజేసినవాడు జ్యోతులకంటె ముందున్నవాడు.

సృష్టిలో వెలుగును పలికిన ఆ దేవుడే క్రీస్తు ముఖమందు మన హృదయాలలో ప్రకాశించాడని పౌలు వ్రాశాడు (2 కొరింథీ 4:6). సిలువ దగ్గర మూడు గంటలు దేశమంతా చీకటి కమ్మింది (లూకా 23:44). లోకమునకు వెలుగైనవాడు ఆ చీకటిలోనే మన రక్షణ కార్యము ముగించాడు. చివరికి నూతన యెరూషలేముకు సూర్యునితో పనిలేదు, గొర్రెపిల్లయే దాని దీపము (ప్రకటన 21:23). బైబిలు మొదటి పుటలోను చివరి పుటలలోను సూర్యుడు లేని వెలుగు ఉన్నది.

ప్రియ పాఠకులారా, మీ సంఘములో జ్యోతి ఆరిన ఇల్లు ఏదైనా ఉంటే, ఈ వారము అక్కడికి వెళ్లండి. కారణాలు వెదకకండి. వారి ప్రక్కన కూర్చొని, వారితో కలిసి ప్రార్థించండి.