కోషీఫీకరణం

ఒక టోపలాజికల్ స్థలంలోని ప్రతి వివృత సమితికి ఒక సమితినో గ్రూపునో కేటాయించి, చిన్న వివృత సమితి నుంచి దాన్ని ఇముడ్చుకున్న పెద్దదాని వైపు ప్రమేయాలను ఇచ్చే ఫంక్టర్‌ను ప్రీకోషీఫ్ అంటారు. చిన్న సమితుల విలువలను వాటి ఛేదనాల వెంట అతికిస్తే పెద్దదాని విలువ కచ్చితంగా రావాలి. అలా వస్తే అది కోషీఫ్. రాని ప్రీకోషీఫ్‌కు అతి దగ్గరి కోషీఫ్‌ను కట్టడమే కోషీఫీకరణం. ఏ కోషీఫ్ నుంచైనా మూల ప్రీకోషీఫ్‌కు వెళ్లే ప్రతి బాణమూ ఈ కొత్త కోషీఫ్ గుండా ఒకే ఒక్క విధంగా సాగుతుంది.

కామారెడ్డి జిల్లాలో మంజీరపై 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్‌ను తీసుకుందాం. గేట్లన్నీ మూసి ఉంటే నీటి ఉపరితలం కట్టకు ఎగువన ఒక ముక్క, దిగువన ఒక ముక్క. ప్రతి వివృత భాగానికీ ఒకే మూలకమున్న సమితిని కేటాయిస్తే ఎగువకు ఒకటి, దిగువకు ఒకటి, రెండూ కలిసినదానికీ ఒకటే వస్తుంది. ఉమ్మడి భాగం లేని రెండింటిని అతికిస్తే రెండు మూలకాలు రావాలి కనుక ఇది కోషీఫ్ కాదు. శూన్య సమితి దగ్గరా ఇదే చిక్కు: అక్కడ విలువ శూన్యమే కావాలి. సరిదిద్దాక వచ్చే కోషీఫ్, ఒక భాగంలో విడివిడి నీటి ముక్కలెన్నో అన్ని మూలకాలను ఇస్తుంది.

బీజగణిత టోపాలజీ నుంచి వచ్చే ఉదాహరణ ఇంకా ముఖ్యమైనది. సింగ్యులర్ చైన్లు కోషీఫ్ కావు. రెండు వివృత సమితుల మీదుగా పరుచుకున్న పెద్ద సింప్లెక్స్, ఆ రెండింటిలోని చిన్న సింప్లెక్సుల మొత్తం కాదు. బేరీసెంట్రిక్ విభజనను పదేపదే చేసి కోలిమిట్ తీసుకుంటే ఆ లోటు తీరుతుంది.

కోషీఫ్‌లకు ద్వంద్వమైన షీఫ్‌లలో ఇలాంటి సవరణ ఎప్పుడో కుదిరింది. గ్రోథెండీక్ ప్లస్ నిర్మాణాన్ని రెండుసార్లు చేస్తే చాలు. ఫిల్టర్డ్ కోలిమిట్లు పరిమిత లిమిట్లతో పొసగడం దాని బలం. బాణాలన్నీ తిప్పేస్తే కోషీఫ్‌లకూ అదే దక్కుతుందనిపిస్తుంది, కానీ దక్కదు. సహజ సంఖ్యల్లో 1 నుంచి మొదలయ్యే సమితి, దానిలోపల 2 నుంచి మొదలయ్యేది, ఆపై 3 నుంచి మొదలయ్యేది, ఇలా తీసుకుంటూ పోండి. ఏదీ ఖాళీ కాదు, ప్రతిదాని నుంచీ ఒకే మూలకమున్న సమితిపైకి సంగ్రస్త ప్రమేయం ఉంటుంది. అన్నింటికీ ఉమ్మడిగా మిగిలేది మాత్రం శూన్యం. ఒక బిందువు చుట్టూ పరిసరాలను కుదిస్తూ విలువలను లెక్కగట్టే పద్ధతి ఇక్కడే తెగిపోతుంది.

అయినా కోషీఫీకరణం లేకుండా పోదు. విలువల కేటగిరీ లోకల్లీ ప్రెజెంటబుల్ అయితే అది ఉంటుంది. సమితులు, అబేలియన్ గ్రూపులు అలాంటివే. ఉందని తెలియడం వేరు, చేతికి అందడం వేరు. ఆంద్రే ప్రసోలోవ్ 2016లో చూపిన మార్గం నాకు అన్నిటికంటే సహజంగా తోస్తుంది: విలువలను ప్రో-వస్తువుల కేటగిరీలో తీసుకోవడం. అక్కడ తగ్గుతూ పోయే వరుసను దాని లిమిట్‌గా కుదించరు, వరుసగానే ఉంచుతారు. పై ఉదాహరణలో శూన్యమైపోయిన సమాచారం అలా నిలుస్తుంది, నిర్మాణమూ స్పష్టంగా దొరుకుతుంది.

కాంటర్ సమితిపై ఒకే మూలకపు స్థిర ప్రీకోషీఫ్‌ను సరిదిద్దితే ఈ తేడా కళ్లకు కడుతుంది. సమితుల్లో ప్రతి వివృత భాగానికీ అందులోని బిందువుల సమితి వస్తుంది, అవి ఒకదానికొకటి ఎంత దగ్గరో ఇక తెలియదు. ప్రో-సమితుల్లో, మొత్తం కాంటర్ సమితికి అంతకంతకూ సన్నబడే పరిమిత విభజనల శ్రేణి వస్తుంది. షేప్ థియరీ చూసేది సరిగ్గా దీన్నే.

తెలుగు నేలపై దీనికి దగ్గరి కృషి షీఫ్‌ల వైపు జరిగింది. వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన యు. మద్దన స్వామి, సార్వత్రిక బీజగణితాలను షీఫ్‌ల ద్వారా వ్యక్తపరిచే విధానంపై రాసిన పత్రం 1974లో అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ ప్రొసీడింగ్స్‌లో వెలువడింది. కోషీఫ్‌లపై గ్లెన్ బ్రెడన్ పత్రం 1968 నాటిది. స్థానికంగా కోషీఫ్‌లా ప్రవర్తించే ప్రీకోషీఫ్‌లను ‘స్మూత్’ అన్నది ఆయనే. ప్రో-వస్తువుల విలువలతో టోపలాజికల్ స్థలాల మీది ప్రతి ప్రీకోషీఫూ స్మూత్ అవుతుందని ప్రసోలోవ్ నిరూపించాడు.