నిద్రమత్తుకీ ఓ చట్టం

రిలీజ్ అని తెల్లార్లూ మేలుకుని, పొద్దున్నే కారేసుకుని ఇంటికెళ్ళడం మనకి మామూలే. నేనూ చేశా, పైగా గొప్పగా చెప్పుకున్నా.

1997 జులైలో అమెరికాలోని న్యూజెర్సీలో మ్యాగీ మెక్‌డొనెల్ అనే 20 ఏళ్ళ విద్యార్థిని కారుని ఓ వ్యాను ఎదురొచ్చి గుద్దింది. ఆమె చనిపోయింది. 30 గంటలుగా నిద్రలేదని డ్రైవరే ఒప్పుకున్నాడు. చివరికి పడిన శిక్ష? 200 డాలర్ల జరిమానా! నిద్రలేకుండా నడపడం నేరమని అక్కడి చట్టంలో లేదు మరి.

ఆమె తల్లి పోరాడితే 2003లో ‘మ్యాగీ చట్టం’ వచ్చింది. 24 గంటలు నిద్రలేకుండా నడిపి ప్రాణం తీస్తే, దాన్ని నిర్లక్ష్యానికి రుజువుగా తీసుకోవచ్చు.

తాగి నడిపేవాణ్ణి తిడతాం కదా, రాత్రంతా మేలుకున్నవాడూ అలాంటివాడే. పాటలూ, ఏసీ నిద్రని ఆపవు. పడుకున్నాకే తాళం తీయండి. దారిలో కళ్ళు మూతలు పడితే, బండి పక్కకి ఆపి కాస్త కునుకు తీయండి.