ఎదుర్లంకనుండి లోకసభాపతి పీఠమునకు



గౌతమీ వసిష్ఠల నడుమ, వైనతేయము మధ్యగా పాఱుచుండగా, సముద్రమునకు ఎదురుగా నిలిచిన మన కోనసీమలో పుట్టినవానికి రెండు సంగతులు చిన్ననాటనే తెలియును. ఏఱు దాటనిదే ఎచ్చటికిని పోలేమనునది మొదటిది. అన్నము పెట్టు నీరే అలిగినచో కంచమునుగూడ కొట్టుకొనిపోవుననునది రెండవది. బాల్యమున నేను యానాము రేవులో పంటుకొఱకు గంటలకొలది నిలిచినవాడను. రోగిని మంచముతో గట్టున దించి, ఆవలి యొడ్డున దీపము కదలునా యని చూచుచు కూర్చుండినవారిని నేనెఱుగుదును. ఆ రేవునకు ఈవలి యొడ్డుననే ఎదుర్లంక యను గ్రామము కలదు. ఆ గ్రామమున పుట్టి, జిల్లా పరిషత్తునుండి రాష్ట్రమంత్రివర్గమునకును, అచ్చటినుండి లోకసభాపతి పీఠమునకును ఎక్కిన గంటి మోహనచంద్ర బాలయోగిగారి చరిత్రయే నేటి నా ప్రసంగ విషయము.

వారు 1951వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన ఒక దళిత కర్షక కుటుంబమున జన్మించిరి. అప్పటికి వారి యూర ప్రాథమిక పాఠశాలయైనను లేదు. కావున పొరుగుననున్న గుత్తెనదీవికి పోయి అక్షరములు దిద్దుకొనిరి. పిదప కాకినాడలో పట్టపరీక్షకును, విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఉన్నత విద్యకును న్యాయశాస్త్రమునకును చదివి, 1980లో కాకినాడయందు న్యాయవాదవృత్తి నారంభించిరి. 1985లో మొదటి తరగతి మేజిస్ట్రేటు పదవికి ఎన్నికయయ్యు దానిని వదలుకొని మరల వకీలుగానే యుండిరి. మన ఇండ్లలో సర్కారు కొలువు వచ్చిన దినము పండుగదినము గదా! అట్టిదానిని కాదనుకొనుట చిన్న సాహసము కాదు. 1987లో తూర్పుగోదావరి జిల్లా పరిషత్తునకు అధ్యక్షులైరి. 1991లో తెలుగుదేశము పక్షమున అమలాపురమునుండి లోకసభకు ఎన్నికైరి.

వారు మనకు ప్రతినిధిగా నున్న కాలముననే మన నేల యొక ఘోరమును చూచినది. 1995 జనవరి 8వ తేదీన పాశర్లపూడిలో ఇంధన వాయువుకొఱకు త్రవ్వుచుండిన బావి పేలి మంట లేచెను. 65 దినములపాటు ఆ జ్వాల యారలేదు. చుట్టుపట్ల గ్రామములవారు ఇండ్లు విడిచి పోవలసివచ్చెను. విదేశములనుండి నిపుణులు వచ్చిన పిమ్మటగాని అది చల్లారలేదు. భూమిపైని సంపదవలె భూమి క్రింది సంపదయు మనదేయని సంతసించిన మనకు, ఆ సంపద వెలికివచ్చునపుడు ఎవరి పెరడు కాలునో అపుడు తెలిసెను.

ఈ సందర్భమున దూరదేశపు ముచ్చట యొకటి చెప్పెదను. జర్మనీ దేశమున భూమికిని, నీటికిని, గాలికిని కలుగు కీడునే ముఖ్య విషయముగా నెంచి 1980లో ‘హరితపక్షము’ అను రాజకీయ పక్షమును స్థాపించిరి. ఆ పక్షమునకు చెందిన యోష్కా ఫిషర్ అను నాయకుడు 1985లో హెస్సె యను రాష్ట్రమున పర్యావరణ మంత్రియై, 1998లో దేశమునకే విదేశాంగ మంత్రియయ్యెను. ఆ పక్షమువాడే యైన యూర్గెన్ ట్రిట్టిన్ దిగువ సాక్సనీ రాష్ట్రమున 1990 మొదలు 1994 వఱకు మంత్రిగా నుండి, 1998లో దేశ పర్యావరణ మంత్రియై, అణువిద్యుత్తును క్రమముగా విరమించు చట్టమును 2002లో తెచ్చెను. అచ్చట నేలకొఱకు వేఱుగా నొక పక్షమే యేర్పడినది. ఇచ్చట అట్టి పక్షము లేదు. మన రేవు, మన గట్టు, మన తోట, మన బడి, అన్నింటి భారమును మనము పంపు నొక్క మనుష్యునిపైననే పడుచున్నది. బాలయోగిగారిని పర్యావరణవాది యని నేను చెప్పను. కాని ఇట్టి నేలనుండి పోయినవాడు రాష్ట్రమునను ఢిల్లీలోను ఎట్లు మెలగెనో విచారించుట మనకు అవసరము.

1996 ఎన్నికలలో వారు ఓడిపోయిరి. ఆ యేడే ముమ్మిడివరమున జరిగిన ఉపయెన్నికలో గెలిచి శాసనసభకు పోయి, రాష్ట్ర ఉన్నత విద్యాశాఖా మంత్రియైరి. బడి లేని యూర పుట్టిన బాలుడు కళాశాలలకు మంత్రియగుట సామాన్య విషయము కాదు. ఆ 1996 నవంబరు 6వ తేదీ రాత్రినే గదా మనకు పెనుతుపాను వచ్చినది! వేయిమందికి పైగా మరణించిరి. కొబ్బరిచెట్లు అగ్గిపుల్లలవలె విఱిగిపడెను. తాత నాటిన చెట్టు పడిపోయిన పిదప తిరిగి మొక్క నాటి కాయ కోయుటకు ఎన్నేండ్లు పట్టునో మీకు నేను చెప్పనక్కఱలేదు. అలల యుద్ధతిని తగ్గించు మడచెట్ల విలువ అటువంటి రాత్రులు గడచిన మీదటనే మనుష్యునకు తెలియును. కోరంగి మడయడవిని 1978లోనే అభయారణ్యముగా ప్రకటించిరి.

1998లో బాలయోగిగారు మరల అమలాపురమునుండి లోకసభకు పోయిరి. మార్చి 24వ తేదీన సభ వారిని సభాపతిగా నెన్నుకొనెను. అప్పటికి వారి వయస్సు 46 సంవత్సరములు. ఆ పీఠమెక్కిన మొదటి దళితుడు వారే. వారికి ముందు అనంతశయనం అయ్యంగారు, నీలం సంజీవరెడ్డిగారు మన ప్రాంతమునుండి ఆ పీఠమును అలంకరించియుండిరి. వాజపేయిగారి ప్రభుత్వమునకు వారి పక్షము మంత్రివర్గమున చేరక వెలుపలనుండి మద్దతు నిచ్చుచుండెను.

1999 ఏప్రిల్ 17వ తేదీన వారికి పరీక్ష వచ్చెను. ఆ దినమున ప్రభుత్వముపై విశ్వాసతీర్మానము వోటునకు వచ్చినది. లోకసభ సభ్యుడైన గిరిధర గమాంగుగారు ఆ ఫిబ్రవరిలోనే ఒడిశాకు ముఖ్యమంత్రియై యుండిరి. కాని లోకసభ సభ్యత్వమును వదలలేదు. శాసనసభకు ఇంకను ఎన్నిక కాలేదు. వారు వచ్చి కూర్చుండగా, వోటు వేయవచ్చునా యని సభలో గగ్గోలు పుట్టెను. రెండు సభలలో నొకేసారి సభ్యుడుగా నుండుటను రాజ్యాంగము నిషేధించుచున్నది. సభ్యుడు కాకయే ఆరు మాసములు మంత్రిగా నుండుటను నిషేధింపలేదు. కావున సభాపతి ఆ వోటును నిషేధింపక, దానిని ఆ సభ్యుని యంతరాత్మకు విడిచిరి. గమాంగుగారు వోటు వేసిరి. అనుకూలముగ 269, ప్రతికూలముగ 270. ఒక్క వోటుతో ప్రభుత్వము పడిపోయెను.

ఆ వోటు లేకున్నచో ఉభయపక్షములును 269తో సమానమగును. అపుడు నిర్ణాయకమగు వోటు సభాపతిదే! తన పక్షము బలపఱచు ప్రభుత్వము తన చేతిలో నిలిచియుండెడిది. మా యూరి రచ్చబండ వద్ద ఆ సాయంకాలము ఒక పెద్ద, ‘మనవాడై మనవాళ్లనే ముంచినాడేమిరా’ అనెను. నేనును తల యూపితిని. సభాపతి స్పష్టముగా తీర్పు చెప్పక బరువును ఆ సభ్యునిపై మోపిరని విమర్శించినవారును కలరు. ఆ విమర్శ పూర్తిగ త్రోసిపుచ్చదగినది కాదు. అయినను కొంతకాలము గడచిన పిదప నాకిట్లు తోచినది: ఊరి తగవులో మధ్యవర్తి తన బావమఱదికి అనుకూలముగ గట్టు జరిపినచో, ఆ గట్టు ఆ యేటికి మాత్రమే నిలుచును; మధ్యవర్తి మాటకు విలువ యెల్లకాలమునకు పోవును. నా మొదటి యభిప్రాయమును నేను మార్చుకొంటిని. ఆ శరత్కాలపు ఎన్నికలలో వాజపేయిగారే మరల గెలిచిరి. అక్టోబరు 22వ తేదీన సభ బాలయోగిగారిని ఏకగ్రీవముగ తిరిగి సభాపతిగా నెన్నుకొనెను. నిన్న ఓడినవారును గెలిచినవారును కలిసి చేసిన ఆ యెన్నికకంటె వేఱు సాక్ష్య మేల?

సభ్యుల నడవడిని విచారించు నైతికవిలువల సంఘమును వారు 2000 సంవత్సరమున నియమించిరి. 2001 డిసెంబరు 13వ తేదీన పార్లమెంటుపై ముష్కరులు దాడి చేసినపుడు సభాపతి వారే. పిమ్మట మూడు నెలలైనను నిండకుండగనే, 2002 మార్చి 3వ తేదీన, భీమవరమునుండి హైదరాబాదునకు పోవుచుండగా వారి హెలికాప్టరు కృష్ణాజిల్లా కైకలూరు ప్రాంతమున ఒక చేపలచెఱువులో కూలిపోయెను. పదవిలోనుండగనే మరణించిన సభాపతి మావలంకరుగారి తరువాత వారే. నీటి నడుమ పుట్టిన మనుష్యుడు నీటిలోనే అస్తమించెను. అపుడు వారికి ఏబదియేండ్లు.

వారి సతీమణి విజయకుమారిగారు ఆ యేడే ఉపయెన్నికలో గెలిచి లోకసభకు పోయిరి. వారి కుమారుడు హరీష్ గారు 2024లో అమలాపురమునుండియే ఎన్నికైరి. యానాము ఎదుర్లంకల నడుమ గౌతమిపై కట్టిన వంతెనకు బాలయోగిగారి పేరు పెట్టిరి.

నేను మొన్న ఆ వంతెనపై నడిచితిని. పంటుకై గంటలు నిలిచిన రేవును క్షణములలో దాటితిని. క్రింద గోదావరి యెప్పటివలెనే పాఱుచున్నది. ఒక వంతెన కట్టినంతనే మన పని ముగియలేదు. గట్టు బలముగా నున్నదా, మడయడవి మిగిలియున్నదా, నేల క్రింద త్రవ్వువారు పైనున్నవారిని తలచుచున్నారా యని అడుగవలసినది మనమే. మరల వోటు వేయబోవునపుడు, మీ మనుమలకు ఈ సంగతి చెప్పుడు: మనవాడా యని యడుగుట తప్పు కాదు, మనవాడై యుండియు న్యాయము పలుకగలడా యని కూడ అడుగవలయును.

సెలవు.